తాంబరం చెట్ల మధ్య మా సేలయూర్ హాల్

మద్రాసులో చదువుకున్న తెలుగువాళ్ళం నలుగురం ఒకచోట చేరితే మాట మెస్సుల దగ్గర మొదలై, సినిమా హాళ్ళ మీదుగా పోయి, ఎలక్ట్రిక్ రైళ్ళ దాకా వస్తుంది. ఆ కబుర్లు నాకూ ఇష్టమే. కానీ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పేరు వినగానే నాకు ముందు గుర్తొచ్చేది మా హాల్ వరండా. అక్కడ హాస్టల్‌ను హాల్ అనేవాళ్ళం. గది తలుపు తీస్తే వరండా, వరండా దిగితే నాలుగు పక్కలా గదులున్న ఖాళీ జాగా, దానికి అవతల ఇంకొకరి తలుపు. డిగ్రీ చదివినన్నాళ్ళూ నా లోకం అదే. పాఠాల్లో సగం మరిచిపోయాను. ఆ కట్టడం నేర్పింది మాత్రం ఒక్కటీ పోలేదు. చదువుకునే పిల్లలు ఎలా బతకాలో ఎవరో కూర్చుని ఆలోచించి, ఆ ఆలోచనను ఇటుకలతో కట్టారని నా నమ్మకం. ఆ సంగతి రాయాలని చాలా కాలంగా ఉంది.

నేను చేరింది 1983లో. గూడూరు నుంచి రైల్లో సెంట్రల్‌కు వచ్చి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో తాంబరం బండి ఎక్కాం నాన్నా నేనూ. ఇనప ట్రంకు పెట్టె, చాపలో చుట్టిన పరుపు, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ. కోడంబాకం, మాంబళం, సైదాపేట, గిండీ... స్టేషన్లు దాటేకొద్దీ ఇళ్ళు పలచబడుతూ వచ్చాయి. తాంబరంలో తూర్పు వైపు దిగి కాలేజీ గేటు లోపలికి నడిచాక నాన్న నిలబడిపోయాడు. ముందంతా చెట్లు. "ఏందిరా అబ్బయా, కాలేజీ అన్నారు, ఇది అడివి గదా!" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. మా ఊళ్ళో కాలేజీ అంటే బస్టాండు పక్కన ఉండే మేడ. ఎదురొచ్చిన సీనియర్ ఒకతను మా అవస్థ చూసి, ఏమీ అడక్కుండా ట్రంకు పెట్టె రెండో కొస పట్టుకున్నాడు. అతనిది కేరళ. నాన్నకు మలయాళం రాదు, అతనికి తెలుగు రాదు. అయినా హాల్ దాకా ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే నడిచారు.

నాన్న అన్న మాట నిజమే, అది అడివే. కాలేజీ అక్కడ పుట్టలేదు, అక్కడికి తరలి వెళ్ళింది.

పుట్టింది మద్రాసులోని జార్జిటౌన్‌లో. 1837లో జాన్ ఆండర్సన్ అనే స్కాట్లండ్ పాదిరీ మొదలుపెట్టిన బడి అది. హైకోర్టు ఎదుట ఇప్పటికీ ఉన్న ఆండర్సన్ చర్చి ఆయన పేరు మీదే. 1862లో విలియం మిల్లర్ వచ్చాడు, అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా లేవు. ఆయన చేతిలోనే బడి కాలేజీగా ఎదిగింది. 1877 నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అన్న పేరు స్థిరపడింది. సొంత డబ్బు కూడా కాలేజీకే ధారపోసిన మనిషి మిల్లర్. చదువు తరగతి గదితో అయిపోదని, కుర్రవాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారో, ఎవరితో కలిసి తింటున్నారో కూడా కాలేజీ చూసుకోవాలని ఆయన పట్టు. అందుకే ఆ ఇరుకు జార్జిటౌన్‌లోనే హాస్టళ్ళు పెట్టించాడు. తాంబరం హాళ్ళకు బీజం అక్కడ పడిందని నేను అనుకుంటాను.

ఆ రోజుల్లో మనవాళ్ళకు పెద్ద చదువంటే మద్రాసే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గానీ రాలేదు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు కూడా ఈ కాలేజీ విద్యార్థే. చిత్తూరు సీమ నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్న రోజుల్లోనే 'ముసలమ్మ మరణం' రాశారు. ఊరి చెరువు కోసం ప్రాణమిచ్చిన కోడలి కథను ఒక ఇరవై ఏళ్ళ కుర్రవాడు మద్రాసులో కూర్చుని పద్యాలు కట్టాడంటే, ఆ కాలేజీ వాతావరణం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారూ ఇక్కడివారే. తిరుత్తణిలో తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, తిరుపతి, వేలూరు మీదుగా ఇక్కడికి వచ్చారు. బంధువు ఒకరు తను చదివేసిన ఫిలాసఫీ పుస్తకాలు ఇవ్వడంతో, కొత్తవి కొనే శక్తి లేక అదే సబ్జెక్టు తీసుకున్నారని చెప్పుకుంటారు. ఎం.ఏ.కు వేదాంతంలోని నీతి గురించి ఆయన రాసిన వ్యాసాన్ని మెచ్చుకున్న గురువు ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్. ఈ హాగ్‌గారి పేరు గుర్తుపెట్టుకోండి. కాలేజీ జార్జిటౌన్ వదిలి తాంబరం వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్ ఆయనే. రాధాకృష్ణన్‌కు పాఠం చెప్పిన మనిషి ముసలితనంలో ఒక కాలేజీ మొత్తాన్ని వెంటబెట్టుకుని అడవిలోకి నడిచాడన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

జార్జిటౌన్‌లో ఇక జాగా లేదు. చుట్టూ గోదాములు, బ్యాంకులు, కోర్టు, హార్బరు గోల. పిల్లలందరినీ ఒకచోట ఉంచి చదివించాలంటే ఊరి బయటికి పోక తప్పదు. అయితే ఊరి బయట అంటే ఎంత దూరం? ఇక్కడ రైలును తలచుకోవాలి. 1931లో బీచ్ స్టేషన్ నుంచి తాంబరానికి మీటర్ గేజ్ మీద ఎలక్ట్రిక్ రైళ్ళు మొదలయ్యాయి. ఆ బండే లేకపోతే సేలయూరు చిట్టడవిలో కాలేజీ పెట్టాలన్న మాట మాటగానే మిగిలిపోయేదేమో. ప్రభుత్వం అక్కడి రిజర్వు ఫారెస్టులో భూమి ఇచ్చింది. ఇప్పటి లెక్కలో సుమారు 365 ఎకరాలు. హెన్రీ షెట్టి అనే స్విట్జర్లండ్ ఆర్కిటెక్టు ప్లాన్లు గీశాడు. 1937లో మద్రాసు గవర్నర్ ఎర్‌స్కిన్ ప్రారంభోత్సవం చేశాడు. మేము ఎక్కి వచ్చిన బండీ ఆ మీటర్ గేజ్ బండే. 2004 దాకా నడిచింది.

మద్రాసులో పేరున్న కాలేజీ కట్టడాలు చూసినవాళ్ళకు తాంబరం మొదట చప్పగా అనిపిస్తుంది. చేపాక్‌లో ఛిజమ్ అనే ఆర్కిటెక్టు కట్టిన మద్రాసు యూనివర్సిటీ సెనేట్ హౌస్ ముందు నిలబడితే తల పైకెత్తాల్సిందే. గుమ్మటాలు, రంగుల అద్దాలు, చెక్కిన స్తంభాలు. అది చూసి ఎవరైనా, నాలాంటి పల్లెటూరి కుర్రవాడు మరీనూ, కాస్త ముడుచుకుంటాడు. తాంబరంలో ఆ దర్పం లేదు. కట్టడాలు చెట్లను మించి లేవవు. గోడలకు పెద్ద నగిషీలు లేవు. నీడ ఉంది, గాలి ఉంది, నడవడానికి పొడుగాటి వరండాలున్నాయి. ఎండకు కన్ను జిగేలుమనకుండా, వానకు గది తడవకుండా, ఒకచోటి నుంచి ఇంకొకచోటికి పోయేటప్పుడు నలుగురు ఎదురుపడేలా ఉంది ఆ ఏర్పాటు. సెనేట్ హౌస్ గొప్పదనాన్ని నేను తగ్గించడం లేదు. కానీ పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు రోజూ బతకాల్సిన చోటు తాంబరంలాగే ఉండాలి.

చెట్ల విషయంలో మాత్రం ఆర్కిటెక్టు కంటే ఎక్కువ రుణపడింది కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ బార్న్స్‌కు, ఆయన భార్య ఆలిస్‌కు. మొదట్లో అది ముళ్ళ పొదలు, ఎర్రమట్టి నేల. ఉన్న అడవిని కాపాడుతూ, బోడిగా ఉన్నచోట మొక్కలు పెంచుతూ ఆ దంపతులు క్యాంపస్‌కు పచ్చదనం తెచ్చారు. బార్న్స్ చదువు చెప్పింది కెమిస్ట్రీ అయినా, సెలవులొస్తే దక్షిణాది కొండలెక్కి మొక్కలు వెతికేవాడు. అరిసీమా అనే జాతిలో ఒక మొక్కకు శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు. నేనూ కెమిస్ట్రీ విద్యార్థినే కాబట్టి ఇది చెప్పుకోవడం నాకు గర్వం. ల్యాబులో గంటలకొద్దీ నిలబడి బయటికొస్తే ఎదురుగా వేప, నేరేడు, పాలచెట్టు. ఒక్కోసారి చెట్ల మధ్య నుంచి చుక్కల జింకలు తలెత్తి చూసేవి. మా తాతగారి కాలంలో గూడూరు పక్కన ఇలాంటి అడవి ఉండేదని నాన్న చెబుతుంటే వినడమే గానీ చూసింది ఇక్కడే.

ఇక మా హాల్.

మగపిల్లలకు పాత హాళ్ళు మూడు: సేలయూర్, సెయింట్ థామస్, బిషప్ హీబర్. అమ్మాయిలకు మార్టిన్, మార్గరెట్, బార్న్స్ తరువాత వచ్చాయి. వీటిలో హీబర్ హాల్‌కు ఒక కథ ఉంది. రెజినాల్డ్ హీబర్ కలకత్తా బిషప్. 1826లో తిరుచిరాపల్లిలో చనిపోయాడు. ఆయన పేరుతో అక్కడ ఒక కాలేజీ నడిచేది, 1930లలో దాన్ని మన కాలేజీలో కలిపేశారు. అక్కడ కాలేజీ మూతపడినా పేరు తాంబరంలో హాల్‌గా, చాపెల్‌గా బతికింది. 1966లో తిరుచిలో మళ్ళీ బిషప్ హీబర్ కాలేజీ వచ్చింది. అందుకే హీబర్ హాల్ కుర్రవాళ్ళు తమ హాలే ఒక కాలేజీ అన్నట్టు నడిచేవాళ్ళు. మా సేలయూర్ వాళ్ళకు అంత పాత పేరు లేదు. పక్క ఊరి పేరే మా పేరు. ఆ మట్టి పేరు పెట్టుకున్నందుకే మాది అసలైన హాల్ అని మేమూ తగ్గకుండా వాదించేవాళ్ళం.

నాకిచ్చిన గది చిన్నది. మంచం, బల్ల, కుర్చీ, పుస్తకాల అర, కిటికీ. కానీ అది నా ఒక్కడిది. మా ఇంట్లో అప్పటిదాకా నాకంటూ ఒక మూల కూడా లేదు. అక్కలు, తమ్ముడు, నాయనమ్మ, వచ్చిపోయే చుట్టాలు. అలాంటిది తలుపేసుకుంటే నేనూ నా పుస్తకమూ అంతే. మొదటి వారం ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టలేదు. తరువాత అదే కావాలనిపించింది. ఏం చదవాలో, ఏం ఆలోచించాలో, ఎవరూ చెప్పకుండా నాకు నేను తేల్చుకోవడం ఆ గదిలోనే మొదలైంది.

అయితే గది ఎంత చిన్నదంటే అందులో ఎక్కువసేపు ఉండలేం. ఇదే ఆ ప్లానులోని తెలివి అని ఇప్పుడు తోస్తుంది. చదవడానికీ పడుకోవడానికీ చాలు, కబుర్లకు చాలదు. కబుర్లు కావాలంటే వరండాలోకి రావాలి. వరండాలోకి వస్తే పక్క గది తిరునెల్వేలి అబ్బాయి, ఆ పక్కన కోట్టయం, మూల గదిలో ఐజాల్ నుంచి వచ్చిన మిజో కుర్రవాడు. అందరూ అక్కడే ఉంటారు. నాకు తమిళం వచ్చింది ఆ వరండాలోనే. గూడూరులో అరవం వినపడుతూనే ఉంటుంది గానీ, మాట్లాడాల్సిన అవసరం పడింది ఇక్కడే. మిజో కుర్రవాడు సాయంత్రం గిటార్ తీస్తే నాలుగు పక్కలా తలుపులు తెరుచుకునేవి. ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుని వినేవాళ్ళు. ఒక కచేరీ హాలు కట్టి టికెట్లు అమ్మినా అంత చక్కగా కుదరదు.

అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ సంగతీ చెప్పాలి. మెస్సులో సాంబారు, రసం, పొరియల్. తప్పుపట్టేందుకు ఏమీ లేదు, కానీ కారం లేదు. నేను జాడీ మూత తీసిన రోజు వాసన వరండా పొడుగునా పోయింది. కాసేపటికి భోజనాల హాల్లో నా పక్కన జాగా కోసం పోటీ. పొడుగాటి బల్లల మీద ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. జిల్లా కలెక్టరు కొడుకూ, ఫీజు కట్టలేక స్కాలర్‌షిప్పు మీద వచ్చినవాడూ ఒకే బల్ల. తిరునెల్వేలి అబ్బాయి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఇంకో ముక్క అడిగేవాడు. ఆ తరువాత నేను ఇంటికి పోయొచ్చినప్పుడల్లా అమ్మ రెండు జాడీలు కట్టేది. ఒకటి "నీ అరవ స్నేహితులకు" అని విడిగా చెప్పేది.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం తెలుగువాళ్ళం జట్టుగా మాంబళం పోయేవాళ్ళం. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు పిల్లలతో పాటు హోసూరు నుంచి వచ్చిన ఒకడు. వాడి తెలుగు మాకు సగమే అర్థమయ్యేది, పాటలాగా వినసొంపుగా ఉండేది. టి.నగర్‌లో ఆంధ్రా భోజనం, ముద్దపప్పు, గోంగూర, పైన నెయ్యి. తిన్నాక పానగల్ పార్కులో చెట్టు కింద కూలబడటం. అప్పటికింకా తెలుగు సినిమా మద్రాసును వదల్లేదు కాబట్టి, ఎవరో ఒక తార కారులో పోవడం చూశామని మావాళ్ళు ప్రమాణాలు చేసేవాళ్ళు. సాయంత్రం బండికి తిరిగొచ్చి హాల్ చేరితే మళ్ళీ ఇంటికి వచ్చినట్టే ఉండేది.

వార్డెన్ కాలేజీలో పాఠం చెప్పే ప్రొఫెసరే. ఇల్లు హాల్‌ను ఆనుకునే ఉండేది. ఆయన భార్య మొక్కలకు నీళ్ళు పోస్తుంటే మేం పలకరించేవాళ్ళం, ఆవిడ మా మార్కులు అడిగేది. అంత దగ్గరలో ఒక కుటుంబం కాపురం ఉండటంతో మా మాటా నడతా వాటంతటవే అదుపులో ఉండేవి. ప్రత్యేకంగా ఎవరూ కేకలేయాల్సిన పని లేదు. మెస్సు వ్యవహారం, ఆటలు, హాల్ డే ఏర్పాట్లు మా కుర్రవాళ్ళ చేతుల్లోనే ఉండేవి. ఎన్నికలు పెట్టుకుని మెస్ సెక్రటరీని ఎన్నుకునేవాళ్ళం. కూరగాయల లెక్క అప్పజెప్పడానికి అందరి ముందు నిలబడిన సెక్రటరీకి పరీక్షను మించిన టెన్షన్. లెక్క తప్పితే వరండాలో ప్రతి గుమ్మం దగ్గరా జవాబు చెప్పుకోవాలి మరి.

నవంబరు వానల్లో ఆ హాల్ అందం చెప్పనలవి కాదు. తుఫాను పట్టిందంటే క్లాసులుండవు. నాలుగు పక్కల నుంచీ నీళ్ళు మధ్య జాగాలోకి దూకుతుంటే, వరండాలో చుట్టూ తిరుగుతూ హాల్ మొత్తం కాలు తడవకుండా కలియదిరగొచ్చు. మే నెల ఎండలకు అక్కడివాళ్ళు కత్తిరి అంటారు, మాకు రోహిణీ కార్తె. ఆ ఎండల్లోనూ సాయంత్రం తూర్పు గాలి తిరిగితే కిటికీ నుంచి తలుపుకు గాలి దూసుకుపోయేది. ఫ్యాను లేని రోజుల్లో ఆ గదులు గీసిన మనిషి గాలి దారి కూడా గీశాడనిపించేది. పైన ఎయిర్‌ఫోర్స్ విమానాల చప్పుడు అలవాటైపోయింది. విమానం నడపడం నేర్పే గురువులకు శిక్షణ ఇచ్చే స్కూలు తాంబరంలోనే ఉంది. మొదట ఉలిక్కిపడేవాళ్ళం, తరువాత ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్ళం.

కాలేజీ అడవికి వచ్చిన మరుసటి ఏడాదే, 1938 డిసెంబరులో, ప్రపంచం నలుమూలల నుంచి క్రైస్తవ ప్రతినిధులు అక్కడ సమావేశమయ్యారు. అరవైకి పైగా దేశాల నుంచి సుమారు 470 మంది. బయట యుద్ధం ముంచుకొస్తున్న రోజులు. చైనా వాళ్ళూ జపాను వాళ్ళూ అప్పటికే ఒకరితో ఒకరు యుద్ధంలో ఉన్నారు, ఆ రెండు దేశాల మనుషులూ ఆ సభకు వచ్చారు. క్రైస్తవ చరిత్ర చదివేవాళ్ళకు తాంబరం అంటే ఆ సభే. మాకు దాని గురించి పెద్దగా తెలిసేది కాదు. లైబ్రరీలో చదివాక మా క్యాంపస్ దారుల్లో నడుస్తూ ఆ మనుషులను ఊహించుకునేవాణ్ణి. వాళ్ళూ ఇలాగే ఎదురుపడి, పలకరించుకుని, కలిసి తిని ఉంటారు కదా.

ఇప్పుడు మా మేనల్లుడు నెల్లూరు దగ్గర ఒక కాలేజీకి హాస్టల్ కడుతున్నాడు. సివిల్ ఇంజనీరు, పనిమంతుడు. మొన్న ప్లాను తెచ్చి చూపించాడు. మధ్యలో చీకటి నడవ, అటూ ఇటూ గదులు, గదికి ఆరు మంచాలు. ఈ రోజుల్లో మన ఊళ్ళలో కడుతున్న హాస్టళ్ళన్నీ దాదాపు ఇంతే. పిల్లవాడికి ఒంటరిగా కూర్చునే మూల లేదు, నలుగురితో కలిసి కూర్చునే జాగా కూడా లేదు. నాకు బాధ కలిగింది, దాచుకోలేదు. "మావయ్యా, చదరపు అడుగుకు ఇంతని లెక్క, యాజమాన్యం ఒప్పుకోదు" అన్నాడు. కాగితం తిరగేసి మా హాల్ బొమ్మ గీశాను. నడవను లోపలి నుంచి తీసి బయట వరండాగా పెడితే పగలు లైట్లు వెయ్యక్కర్లేదని, కిటికీకి ఎదురుగా తలుపు ఉంటే గాలి దానంతటదే ఆడుతుందని, కరెంటు బిల్లు లెక్క చూపిస్తే యాజమాన్యం కూడా వింటుందని చెప్పాను. గదికి ఆరుగురు తప్పకపోతే మంచాల మధ్య అరగోడ అయినా లేపమన్నాను. వాడు చాలాసేపు ఆ బొమ్మ చూశాడు. వరండా ఎంత వెడల్పు ఉండాలని అడిగాడు. ఇద్దరు ఆగి మాట్లాడుకుంటుంటే మూడోవాడు పక్క నుంచి పోగలగాలి, అంత ఉండాలన్నాను. అడుగుల్లో చెప్పమన్నాడు. వచ్చే నెల వాణ్ణి తాంబరం తీసుకుపోతున్నాను, టేపు వాడే తెస్తానన్నాడు.